సంక్రాంతి సెలవుల్లో అమ్మకు ఇంప్లాంట్: మూడు వారాల్లో ఏమవుతుంది, ఏమవదు

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. అమ్మగారికి 61 ఏళ్లు, తెనాలిలో ఉంటారు. కింద కుడివైపు దవడ పన్ను ఒకటి రెండేళ్ల కిందట పీకించారు. షుగర్ ఉంది, మందులు వాడుతున్నారు. మీరు న్యూజెర్సీ నుంచి సంక్రాంతికి మూడు వారాలు వస్తున్నారు, ఆలోపే ఇంప్లాంట్ పని పూర్తిచేయించి వెళ్లాలని మీ ఆలోచన. ఒక క్లినిక్‌వాళ్లు 72 గంటల్లో పన్ను పెట్టేస్తాం, 25 వేలు అన్నారు. ఇంకో డాక్టరు నాలుగు నెలలు పడుతుంది, 48 వేలవుతుంది, ఎముక పొడి (ఎముక తగ్గిన చోట నింపేది) వేయాల్సివస్తే దానికి వేరే అన్నారు. నాన్నగారేమో "ఈ వయసులో ఇదంతా అవసరమా" అంటున్నారు. అమ్మగారికి నొప్పంటే భయం.

నేను డెంటిస్టుని. కోస్తాలో ఒక మధ్యరకం ఊళ్లో 21 ఏళ్లుగా ప్రాక్టీసు. ఇంప్లాంట్లు వేస్తాను, నా నోట్లో కూడా ఒకటుంది. చదువుకునే రోజుల్లో రూట్ కెనాల్ చేయించుకుని, క్యాప్ వేయించుకోవడానికి బద్ధకించిన పన్ను ఒక ఆదివారం మటన్ ఎముక కొరుకుతుంటే నిలువునా చీలింది. డెంటిస్టు పంటికే ఈ గతి పట్టిందా అని ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. అలా కుర్చీకి ఇటువైపూ అటువైపూ కూర్చున్న అనుభవంతో రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ఇంప్లాంట్‌లో డాక్టరు చేసే పని గంటసేపు. మిగతాది ఎముక పని. పంటి వేరు ఉండాల్సిన చోట దవడ ఎముకలో ఒక టైటానియం స్క్రూ బిగిస్తారు. లావు సుమారు 4 మిల్లీమీటర్లు, పొడవు 10 మిల్లీమీటర్లు, అటూ ఇటూగా. దాని చుట్టూ ఎముక కొత్తగా పెరిగి పట్టుకున్నాక పైన ఒక చిన్న స్తంభం, ఆ పైన క్యాప్ కూర్చోబెడతారు. అమ్మగారికి కనిపించేదీ నమిలేదీ క్యాప్‌తోనే అయినా, మీ డబ్బు నిలవడమా పోవడమా అనేది తేలేది మాత్రం ఎముక స్క్రూను పట్టుకోవడం దగ్గరే.

నాన్నగారికి ఇదేదో కొత్త ప్రయోగమన్న అనుమానం ఉంటే ఈ కథ చెప్పండి. స్వీడన్‌లో పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే ఆయన 1950లలో కుందేలు కాలి ఎముకలో రక్తప్రసరణ ఎలా ఉంటుందో చూడటానికి టైటానియంతో చేసిన చిన్న పరికరాన్ని బిగించాడు. పరిశోధన అయ్యాక దాన్ని తీసి మళ్లీ వాడుకుందామంటే ఊడిరాలేదు. ఎముక దాన్ని తనలో కలిపేసుకుంది. 1965లో గోస్టా లార్సన్ అనే వ్యక్తి కింది దవడలో ఆ టైటానియం స్క్రూలే వేశాడు. లార్సన్ 2006లో చనిపోయేదాకా, అంటే నలభై ఏళ్లు దాటి, అవి అలాగే పనిచేశాయి. ఇప్పటి స్క్రూల పైపూత, ఆకారం మెరుగయ్యాయి గానీ సూత్రం అదే.

ఇక 72 గంటల మాట. అది పూర్తిగా అబద్ధం కాదు. నోట్లో పళ్లన్నీ పోయినవాళ్లకు ఒకే దవడలో నాలుగో ఆరో, ఇంకా ఎక్కువో స్క్రూలు వేసి, వాటన్నిటినీ కలుపుతూ గట్టి పళ్ల సెట్టు రెండు మూడు రోజుల్లో బిగించే పద్ధతులున్నాయి. పల్లకీ బరువు నలుగురు కలిసి మోసినట్టు అక్కడ స్క్రూలు బరువు పంచుకుంటాయి. సరైన రోగికి, చేయి తిరిగిన డాక్టరు చేస్తే బాగానే ఉంటాయి. మీ అమ్మగారిది ఒంటరి దవడ పన్ను. నమలడంలో ఎక్కువ బరువు పడే చోటు. పైగా షుగర్. అక్కడ మూడో రోజే క్యాప్ వేసి "నమలండి" అనడానికి నాకైతే ధైర్యం చాలదు. కనిపించే ముందు పన్ను అయితే అందం కోసం, ఎదుటి పన్ను తగలకుండా ఒక తాత్కాలిక పన్ను పెట్టి పంపుతాం. వెనక దవడ పన్నుకు ఆ తొందర దేనికి? రెండేళ్లు లేకుండానే గడిపారు కదా.

స్క్రూ వేసే ముందు జరగాల్సిన పనులు చాలా ఉన్నాయి, చాలామంది తేలిగ్గా తీసుకునేది కూడా ఇక్కడే. పన్ను పీకాక ఆ చోట ఎముక అలాగే ఉండదు. మొదటి ఏడాదిలోనే వెడల్పు దాదాపు సగానికి తగ్గిపోతుంది, అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. అమ్మగారికి రెండేళ్లయింది కాబట్టి ఎముక ఎంత మిగిలిందో కొలవాల్సిందే. దానికి సీబీసీటీ స్కాన్ (దవడ ఎముకను త్రీడీలో చూపించేది) తీయించాలి. మామూలు ఎక్స్‌రే ఎత్తు చూపిస్తుంది, మందం చూపించదు. కింది దవడలో ఎముక లోపల ఒక నరం పోతుంది, పెదవికీ గడ్డానికీ స్పర్శ ఇచ్చేది అదే. స్క్రూ కొసకూ ఆ నరానికీ మధ్య కనీసం 2 మిల్లీమీటర్లు ఖాళీ ఉండేలా చూసుకుంటాం. స్కాన్ లేకుండా "చూస్తే తెలుస్తుందండీ" అనే డాక్టరు దగ్గర వెనక దవడ పన్నుకు ఇంప్లాంట్ వేయించుకోవద్దు. ఎముక పొడి అవసరమా కాదా అన్నది కూడా స్కాన్ చూశాకే తేలుతుంది. రెండో డాక్టరు "వేయాల్సివస్తే" అన్నారంటే అది నిజాయితీ, దాన్ని అదనపు వసూలు అనుకోకండి.

ఎవరూ ముందు చెప్పని ఇంకో సంగతి. కింద పన్ను లేకపోతే పైపన్ను ఊరుకోదు, మెల్లగా కిందికి దిగుతుంది. పక్క పన్ను ఖాళీలోకి వాలుతుంది. రెండేళ్లలో ఇది కొందరికి బాగా జరుగుతుంది, కొందరికి అసలు తెలియనంత. బాగా దిగితే క్యాప్‌కు ఎత్తు చాలదు. పైపన్నును కొంచెం అరగదీయడమో, దానికీ ఒక క్యాప్ వేయడమో తప్పదు. ఆ ఖర్చు ముందే అడిగి తెలుసుకోండి, తర్వాత "ఇదేంటి కొత్తగా" అని గొడవలు ఇక్కడే వస్తాయి.

షుగర్ విషయం. షుగర్ ఉన్నవాళ్లకు ఇంప్లాంట్ పనికిరాదన్నది పాత మాట. అదుపులో ఉంటే వేస్తాం. వేలు గుచ్చి చూసే ఆ రోజు రీడింగు నాకు చాలదు, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కావాలి. 7 లోపు ఉంటే నేను వెంటనే చేస్తాను. 7కీ 8కీ మధ్య ఉంటే వాళ్ల ఫిజీషియన్‌తో మాట్లాడి చేస్తాను. 8 దాటితే ముందు అది దించుకుని రమ్మంటాను. కాబట్టి మీరు డిసెంబరు చివర్లో వచ్చాక కాదు, ఇప్పుడే ఆ పరీక్ష చేయించమనండి. ఎక్కువుంటే దించుకోవడానికి టైం ఉంటుంది.

అమ్మగారి వయసు ఆడవాళ్లను నేను తప్పనిసరిగా అడిగే ప్రశ్న ఒకటుంది: ఎముకలు గుల్లబారాయని ఏమైనా మందు వాడారా? వారానికోసారి వేసుకునే అలెండ్రొనేట్ మాత్ర, ఏడాదికోసారి సెలైన్‌లో ఎక్కించే జొలెడ్రోనిక్ యాసిడ్, ఆరు నెలలకోసారి వేసే డినోసుమాబ్. ఇవి వాడినవాళ్లలో దవడ ఎముకకు గాయం చేస్తే కొందరికి మానక ఇబ్బంది పెడుతుంది. చిక్కేమిటంటే ఏడాదికోసారి ఎక్కించిన ఇంజెక్షన్ ఎవరికీ గుర్తుండదు. "మందులేమైనా వాడుతున్నారా అమ్మా?" అంటే షుగర్ మాత్ర, బీపీ మాత్ర చెప్పి ఊరుకుంటారు. పాత ఫైళ్లు తిరగేయండి. ఇంజెక్షన్ వాడి ఉంటే ఇంప్లాంట్ కుదరదని కాదు, డాక్టరు ముందు ఆలోచించుకోవాలి. అలాగే గుండెకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే సొంతంగా ఆపించకండి. కొడుకు ఆపేయమన్నాడని ఆపి వచ్చిన ఒక పెద్దాయనకు నేను ఆ రోజు పని చేయకుండా తిరిగి పంపాను. చిగురు దగ్గర రక్తం ఆపడం నాకు తెలుసు, గుండెలో గడ్డ కడితే నేనేం చేయగలను?

పొగ తాగేవాళ్లకు ఇంప్లాంట్ ఊడే అవకాశం తాగనివాళ్లతో పోలిస్తే దాదాపు రెట్టింపు. అమ్మగారికి ఆ అలవాటు ఉండకపోవచ్చు గానీ, ఈ జవాబు చదివేవాళ్లలో ఇంట్లో చుట్ట తాగే మామ్మలున్నవాళ్లు కూడా ఉంటారని రాస్తున్నాను. శ్రీకాకుళం వైపు అడ్డపొగ (చుట్టను వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని) తాగే పెద్దావిడ నా దగ్గరికి వచ్చినప్పుడు ఇంప్లాంట్ సంగతి పక్కన పెట్టి ముందు అంగిలి చూసి పరీక్షకు పంపించాను.

ఇప్పుడు ఆ రోజు ఏం జరుగుతుందో చెప్తాను. అమ్మగారి భయం దీనిగురించే కాబట్టి నా సంగతే చెప్తాను.

ఉదయం టిఫిన్ తినే వెళ్లాను. ఇది స్థానికంగా మత్తు ఇచ్చి చేసే పని, ఖాళీ కడుపుతో వెళ్లకూడదు. షుగర్ ఉన్నవాళ్లయితే అసలే వద్దు. నా స్నేహితుడే చేశాడు. మత్తు ఇంజెక్షన్ రెండు చోట్ల. మొత్తం వ్యవహారంలో నొప్పి అనదగింది అదే, అదీ పది సెకన్లు. ఐదు నిమిషాలకు కింది పెదవి అరటిపండంత లావైనట్టు అనిపించింది. అద్దంలో చూస్తే మామూలుగానే ఉంది. తర్వాత చిగురు కోసినప్పుడు ఏదో గీసినట్టు తప్ప ఏమీ తెలియలేదు. వందలమందికి "నొప్పి ఉండదండీ" అని చెప్పిన నాకే అది నిజమా కాదా అని ఆ క్షణం దాకా అనుమానం ఉందని అప్పుడు తెలిసింది.

డ్రిల్లు మొదలైనప్పుడు మాత్రం ఉలిక్కిపడ్డాను. నొప్పివల్ల కాదు, చప్పుడువల్ల. పక్కింటివాళ్లు గోడకు డ్రిల్లింగ్ చేస్తుంటే మన గోడకు తల ఆనించి పడుకుంటే ఎలా ఉంటుందో అలా. శబ్దం చెవికి బయటినుంచి రావడం లేదు, పుర్రెలోంచి వస్తోంది. పళ్లు పుచ్చినప్పుడు వాడే కీచుమనే మిషను కాదది, నెమ్మదిగా తిరుగుతుంది. ఎముక వేడెక్కితే చచ్చిపోతుంది. 47 డిగ్రీల దగ్గర ఒక నిమిషం చాలు నష్టం జరగడానికి. అందుకే చల్లటి సెలైన్ ధారగా పోస్తూ, ఆగి ఆగి, సన్నటి డ్రిల్లుతో మొదలుపెట్టి కొంచెం కొంచెం లావుది మారుస్తూ పోతారు. ఆ నీళ్లు గొంతులోకి జారుతూ ఉంటాయి, నర్సు గొట్టంతో లాగుతూ ఉంటుంది. ముక్కుతో ఊపిరి తీసుకోవడం ఇంట్లో రెండు రోజులు ప్రాక్టీసు చేయమనండి. నాకు అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది అదే, నీళ్లు. ఆఖర్న స్క్రూ బిగించేటప్పుడు దవడను కిందికి నొక్కుతున్నట్టు బరువు, చిన్న రెంచి తిరుగుతుంటే టిక్ టిక్ మని చప్పుడు. రెండు కుట్లు. మొత్తం నలభై నిమిషాలు. దీనికంటే నా జ్ఞానదంతం తీయించుకున్నప్పుడే ఎక్కువ బాధపడ్డాను. నా పేషెంట్లలోనూ చాలామంది "పీకించుకోవడంకంటే ఇదే నయమండీ" అంటారు.

కుట్లు వేశాక రెండు రకాలుగా పంపుతారు. కొన్నిసార్లు స్క్రూను చిగురు కింద పూర్తిగా కప్పేస్తారు, మూడు నెలల తర్వాత చిన్న గాటుతో మళ్లీ తెరుస్తారు. ఇంకొన్నిసార్లు చిగురులోంచి చిన్న బటన్ లాంటి లోహపు బిళ్ల బయటికి కనిపించేలా వదిలేస్తారు, దీన్ని గమ్ ఫార్మర్ అంటాం. ఏది చేస్తారన్నది స్క్రూ ఎంత గట్టిగా బిగిసిందన్నదాన్ని బట్టి ఉంటుంది. అమ్మగారికి బిళ్ల కనిపిస్తే "పన్ను పెట్టకుండా మేకు వదిలేశారు" అని కంగారుపడకుండా ముందే చెప్పి ఉంచండి. ఒకావిడ రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి సరిగ్గా ఈ మాటే అన్నారు.

మొదటి రోజు మత్తు దిగేలోపే నొప్పి మాత్ర వేసుకోవాలి. బుగ్గకు బయటినుంచి ఐసు, ఇరవై నిమిషాలు పెట్టి ఇరవై నిమిషాలు తీసి. ఉమ్మేయకూడదు, స్ట్రాతో తాగకూడదు. రెండిటివల్లా గడ్డకట్టిన రక్తం ఊడుతుంది. పుక్కిలించడం కూడా మర్నాటినుంచే. వాపు రెండో రోజు, మూడో రోజు ఎక్కువవుతుంది, అది సహజం. పెద్దవాళ్లకు బుగ్గ మీదో మెడ దగ్గరో కమిలి పసుపు పచ్చగా కనిపించవచ్చు, వారంలో పోతుంది. మూడు రోజుల తర్వాత తగ్గాల్సిన వాపు పెరిగినా, జ్వరం వచ్చినా, చీము రుచి తెలిసినా వెంటనే వెళ్లాలి. మర్నాడు పొద్దున్నకు కూడా పెదవి మొద్దుబారే ఉంటే ఆ క్షణమే డాక్టరుకు ఫోన్ చేయాలి, "అదే పోతుందిలే" అని ఆగకూడదు. నరం మీద ఒత్తిడి ఉంటే ఒకటి రెండు రోజుల్లోనే స్క్రూను వెనక్కి తిప్పడమో తీసేయడమో చేయాలి.

తిండి. చల్లార్చిన రాగిజావ, పెరుగన్నం, మెత్తటి పప్పన్నం, పాలలో నానబెట్టిన ఇడ్లీ. పెరుగన్నంలో తాలింపు వేయకండి. నవ్వకండి, ఇది అనుభవంతో చెప్తున్నది: ఆవగింజలు కుట్ల మధ్య ఇరుక్కుంటాయి. ఒక పేషెంటుకు ఏడో రోజు కుట్లు విప్పుతుంటే మూడు ఆవాలు, ఒక కరివేపాకు ముక్క వచ్చాయి. టమాటా గింజలు, నువ్వులు కూడా అంతే. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రాస్తారు. అది ఎక్కువ రోజులు వాడితే పళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, నాలుక రుచి మారుతుంది. రాసిచ్చినన్ని రోజులే వాడమనండి. వారం పది రోజులకు కుట్లు తీస్తారు. అప్పటికి అమ్మగారు మామూలు మనిషైపోతారు.

అసలు ప్రమాదం అక్కడినుంచి మొదలవుతుంది. స్క్రూ వేసిన రోజు అది గట్టిగా ఉండేది కర్రలో మేకు ఉన్నట్టు, కేవలం బిగుతువల్ల. తర్వాతి వారాల్లో శరీరం దాని చుట్టూ నలిగిన పాత ఎముకను తీసేసి కొత్తది కట్టడం మొదలుపెడుతుంది. పాతది పోయి, కొత్తది ఇంకా రాని రోజులుంటాయి మధ్యలో. సుమారు మూడు, నాలుగు వారాల దగ్గర స్క్రూ వేసిన రోజుకంటే వదులుగా ఉంటుంది. సరిగ్గా అప్పటికి నొప్పి లేదు, వాపు లేదు, కుట్లు లేవు. మనిషి మర్చిపోతాడు.

కొన్నేళ్ల కిందట ఒకావిడకు డిసెంబరు మధ్యలో ఇంప్లాంట్ వేశాను. బాగా కుదిరింది. భోగి అయ్యాక వచ్చి, "డాక్టరుగారూ, మీరు పెట్టిన బటన్ తిరుగుతోందండీ, నొప్పేం లేదు" అన్నారు. బటన్ మాత్రమే వదులైందేమో అని ఆశగా చూశాను. కాదు, కింద స్క్రూ మొత్తం తిరుగుతోంది. వేళ్లతోనే బయటికి వచ్చేసింది, రక్తపు చుక్క కూడా లేదు. ఇంట్లో జంతికలు, చేగోడీలు చేశారు, నొప్పి లేదు కదా అని ఆ పక్కనే నమిలారు. తప్పు ఆవిడది కాదు, నాది. "జాగ్రత్తగా తినండి" అన్నాను తప్ప, నొప్పి లేకపోవడమూ ఎముక అతుక్కోవడమూ ఒకటి కాదని చెప్పలేదు. రెండు నెలలు ఆగి మళ్లీ వేశాను, నా ఖర్చుతోనే. అది ఇప్పటికీ ఉంది. అప్పటినుంచి నా దగ్గర ఇంప్లాంట్ వేయించుకున్న ప్రతి ఒక్కరికీ మూడో వారంలో మా క్లినిక్ నుంచి ఫోన్ వెళ్తుంది, "ఆ పక్కన నమలకండి" అని ఒక్క మాట చెప్పడానికి.

మీ సంక్రాంతి ప్లాన్‌లో నాకు భయం ఇదే. ఇంటినిండా అరిసెలు, జంతికలు, సున్నుండలు. అరిసె మెత్తగానే ఉంటుంది అంటారు. దాన్ని సాగదీసి కొరకడానికి ఎంత బలం పెడతామో గమనించండి. ఎడమవైపు నమలమనండి.

కింది దవడకు మామూలుగా మూడు నెలలు ఆగుతాం. పైదవడ ఎముక మెత్తన, అక్కడ నాలుగైదు నెలలు. ఎముక పొడి ఎక్కువగా వేస్తే ఇంకొంత. కొన్ని మంచి కంపెనీల స్క్రూలకు ఎముక గట్టిగా ఉన్నచోట ఆరు నుంచి ఎనిమిది వారాలకే క్యాప్ వేస్తున్నారు. షుగర్ ఉందంటే నేను తొందరపడను.

క్యాప్ దశ సులువు, క్లుప్తంగా చెప్పేస్తాను. కొలత తీస్తారు, ముద్దతోనో స్కానర్‌తోనో. వారం పది రోజుల్లో క్యాప్ వస్తుంది. మత్తు అక్కర్లేదు. బిగించేటప్పుడు చిగురు నొక్కుకుపోయి తెల్లబడుతుంది, ఐదు పది నిమిషాల్లో సర్దుకుంటుంది. స్క్రూతో బిగించే రకం అడగండి, సిమెంటుతో అతికించే రకం కంటే నాకు అదే ఇష్టం: రేపు ఏదైనా వదులైతే పైన రంధ్రం తెరిచి బిగించొచ్చు, పైగా చిగురు కింద సిమెంటు మిగిలిపోయి చీము పట్టే గొడవ ఉండదు. ఆ రంధ్రంలో నింపే తెల్ల టేపు చూసి ఒక ప్లంబరుగారు "ఇది మా నల్లాలకు చుట్టేదే కదండీ" అన్నారు. అదే, టెఫ్లాన్. ఇక పళ్ల రంగు. నల్లగొండ, ప్రకాశం వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్లకు గోధుమ మచ్చలుంటాయి, వాళ్లకు తళతళలాడే తెల్ల క్యాప్ వేస్తే అదొక్కటే వేరుగా కనిపిస్తుంది. వెనక పన్నుకు అంత పట్టింపు లేదనుకోండి.

కొత్త పన్ను మొదట్లో కొయ్యలా ఉంటుంది. సొంత పన్నుకూ ఎముకకూ మధ్య సన్నటి పొర ఉంటుంది, కొరికిన వస్తువు ఎంత గట్టిదో చెప్పేది అదే. ఇంప్లాంట్‌కు ఆ పొర లేదు. అన్నంలో రాయి పడితే సొంత పన్ను వెంటనే ఆగిపోతుంది, ఇంప్లాంట్‌కు తెలియడం ఆలస్యం. నాకు ఒక ఆరు వారాలు పట్టింది అలవాటుకు. తర్వాత ఎక్కువమంది చెప్పే ఫిర్యాదు పక్కసందులో తిండి ఇరుక్కోవడం. కొబ్బరి, ఆకుకూర పీచు, మాంసం. చిన్న సీసాలు కడిగే బ్రష్‌లాంటిది, వేలెడంత ఉంటుంది, ఇంటర్‌డెంటల్ బ్రష్ అంటారు, మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. అది రోజూ రాత్రి సందులో ఆడించాలి. అగ్గిపుల్ల, పిన్నీసు వద్దు. ఇంప్లాంట్ పుచ్చిపోదు గానీ దాని చుట్టూ చిగురుకు ఇన్ఫెక్షన్ వస్తే ఎముక నిశ్శబ్దంగా కరిగిపోతుంది, నొప్పి ఉండదు కాబట్టి ఊగేదాకా తెలియదు. ఆరు నెలలకోసారి క్లీనింగ్, ఏడాదికోసారి ఎక్స్‌రే. మొదటి ఏడాది ఎముక ఒక మిల్లీమీటరు అటూ ఇటూ తగ్గడం మామూలే, ఆ తర్వాత కూడా అదే వేగంతో తగ్గుతుంటే చూడాలి. పద్ధతిగా చేసి, పద్ధతిగా చూసుకుంటే పదేళ్ల తర్వాత నూటికి తొంభై అయిదు దాకా నిలిచే ఉంటాయి.

రేట్ల సంగతి. మా వైపు నేను చూస్తున్నవి క్యాప్‌తో కలిపి ఒక పన్నుకు 25 వేల నుంచి 60 వేల దాకా. కొరియా, ఇజ్రాయెల్ కంపెనీలు తక్కువలో, స్విట్జర్లాండ్, స్వీడన్ పేర్లు ఎక్కువలో. ఆస్టెమ్, డెంటియమ్, ఆల్ఫాబయో, స్ట్రామన్, నోబెల్ బయోకేర్ ఇవన్నీ మా చేతుల్లో నడుస్తున్నవే. కంపెనీ కంటే వేసే చేయి ముఖ్యమని నా అభిప్రాయం, అయితే ఊరూ పేరూ లేని స్క్రూ మాత్రం వద్దు. ఎందుకో చెప్తాను. అమెరికానుంచి వచ్చిన ఒకాయనకు పన్ను కదులుతోంది. లోపలి చిన్న స్క్రూ వదులైంది, అంతే. బిగించడం ఐదు నిమిషాల పని. ఆయనకు అక్కడ ఎవరూ ముట్టుకోలేదు, ఏ కంపెనీదో తెలియదు కాబట్టి. ఒక్కో కంపెనీకి ఒక్కో తాళంచెవి. ఇక్కడ వేసిన క్లినిక్ మూతపడింది. నేను నా దగ్గరున్న తాళంచెవులన్నీ పెట్టి చూశాను, ఒక్కటీ పట్టలేదు. చివరికి మంచి క్యాప్‌ను కోసి తీయాల్సివచ్చింది.

25 వేలు చెప్పినవాళ్లను కూడా తీసిపారేయక్కర్లేదు. ఆ 25లో క్యాప్ ఉందా, ఏ రకం క్యాప్, స్కాన్ ఉందా, మూడు నెలల్లో ఊడితే మళ్లీ ఎవరి ఖర్చు, ఇవి అడిగితే రెండు కొటేషన్ల మధ్య తేడా చాలావరకు అక్కడే కరిగిపోతుంది. ఆరోగ్య బీమా మీద ఆశ పెట్టుకోకండి, ప్రమాదంలో పళ్లు పోతే తప్ప చాలా పాలసీలు పంటి పని ఇవ్వవు. ఖర్చు భారమనుకునేవాళ్లు విజయవాడ, కడప, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లలో ఉన్న ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లోనూ అడిగి చూడొచ్చు. పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల కళ్లముందు చేస్తారు, టైం ఎక్కువ పడుతుంది, తిరగాలి.

నాన్నగారి ప్రశ్న తీసిపారేసేది కాదు. వయసు ఇంప్లాంట్‌కు అడ్డం కాదు, డెబ్బై దాటినవాళ్లకు కూడా వేశాను. అయితే అవసరమా అన్నది వేరే ప్రశ్న. ఖాళీకి రెండు పక్కలా ఉన్న పళ్లకు ఇప్పటికే రూట్ కెనాల్, క్యాప్‌లు ఉంటే బ్రిడ్జ్ (పక్క పళ్లను అరగదీసి వాటి ఆసరాతో కట్టే పన్ను) వేయించుకోవడమే తెలివైన పని, రెండు వారాల్లో అయిపోతుంది, మీ సెలవుల్లో సరిపోతుంది. పక్క పళ్లు చెక్కుచెదరకుండా ఉంటే మాత్రం వాటిని అరగదీయడానికి నాకు మనసొప్పదు, అప్పుడు ఇంప్లాంటే. ఒకవేళ ఆ ఖాళీ అన్నిటికంటే చివరి పన్నుదైతే, నమలడానికి ఇబ్బందేమీ లేదని అమ్మగారే అంటుంటే, అలా వదిలేసినా కొంపలేం మునగవు. అమ్మగారిని అడిగారా అసలు? మీ ప్రశ్నలో మీ మాట, నాన్నగారి మాట ఉన్నాయి, ఆవిడ మాట భయం ఒక్కటే ఉంది.

ఆవిడ సరేనంటే నేనైతే ఇలా చేస్తాను. ఇప్పుడే హెచ్‌బీఏ1సీ, స్కాన్, పళ్లు క్లీనింగ్. మీరు దిగిన రెండో మూడో రోజు స్క్రూ. కుట్లు తీసేదాకా పక్కనే ఉంటారు, ఆవిడకు ఆ ధైర్యం చాలు. క్యాప్ ఏప్రిల్‌లో, దానికి మీరు అక్కర్లేదు, నాన్నగారు ఆటోలో తీసుకెళ్లి తీసుకొస్తారు. మీరు వెళ్లే ముందు ఇంప్లాంట్ డబ్బా మీద ఉండే స్టిక్కర్ అడిగి తీసుకోండి: కంపెనీ, సైజు, బ్యాచ్ నంబరు ఉంటాయి. ఒకటి ఫోటో తీసి మీ ఫోన్లో పెట్టుకోండి, అసలుది అమ్మగారి ఆధార్ కార్డు కవరులో పెట్టండి. ఫైల్లో పెట్టకండి, ఇల్లు మారినప్పుడు ముందు పోయేది ఆ ఫైలే.